మే 22 సభ గురించి పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

హైదరాబాద్‌లో దళితుల హక్కుల కోసం పోరాడిన భాగ్యరెడ్డి వర్మ జయంతికి మీ బస్తీలో సినిమా, హరికథ, డప్పు పెట్టి సభ చేస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటే కార్యక్రమం చిత్తుప్రతి కూడా చదివి వినిపించింది. అందులో ఒక్క వరుస దగ్గర గుండె గుభేలుమంది. దాని సంగతికి వస్తాను. ముందు తేలికైనవి కానిచ్చేద్దాం.

మైకుకు పోలీసు స్టేషన్లో, స్థలానికి జీహెచ్ఎంసీలో ముందుగానే అర్జీలు ఇచ్చి, ముద్ర వేసిన నకళ్లు దగ్గర పెట్టుకో. బయటివాళ్ల సినిమా వేస్తే హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఓటీటీ చందా కట్టినంత మాత్రాన పదిమందికి చూపే హక్కు రాదు. మీరు తీస్తున్న డాక్యుమెంటరీని బహిరంగంగా వేయాలంటే చట్టప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ పని చివరి వారానికి వదిలితే జరగదు, ఇప్పుడే కదులు. మంచినీళ్లు, ఓఆర్ఎస్, నడవలేనివాళ్లకు కుర్చీలు నువ్వు ఎలాగూ చూసుకుంటావు.

వేళ గురించి మాత్రం పట్టుపడతాను. మే 22 అంటే రోహిణి కార్తె ముంగిట ఉంటాం. బస్తీలో నడక పెట్టుకుంటే ఉదయం ఆరున్నరకు మొదలై ఎనిమిదిలోపు ముగియాలి. ఇసామియా బజార్ నుంచి చాదర్‌ఘాట్ ఆది హిందూ భవన్ దగ్గరే, పెద్దవాళ్లు కూడా నడవగలరు. సాయంత్రం ఏడుంబావు దాకా తెర మీద బొమ్మ తేలదు, రాత్రి పది దాటితే మైకు మోగకూడదు. మీ చేతిలో ఉన్నది ఆ మధ్య కాలమే. అందుకే వెలుగు ఉండగానే డప్పు, హరికథ కానిచ్చి, చీకటి పడగానే సినిమా వేయండి. ఉపన్యాసాలు రెండే, తలా ఏడు నిమిషాలు. మూడో పెద్దమనిషిని పిలిస్తే నాలుగోవాడు అలుగుతాడు, సినిమా తొమ్మిదిన్నరకు పడుతుంది, పిల్లలు నిద్రపోతారు.

హరికథ ఎందుకు పెట్టమంటున్నానంటే, భాగ్యరెడ్డి వర్మ పనికి మొదటి పనిముట్టు అదే. 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు చదువురాని జనానికి విషయం చేరవేసింది హరికథలతోనే. మాన్య సంఘం తర్వాత 1911లో వచ్చింది, భాగ్యనగర్ పత్రిక 1931లో. అంటే అచ్చుకన్నా పాతికేళ్ల ముందే పాట నడిచింది. సినిమా పాటలకు నోరు కదిపే కార్యక్రమం తీసేసి కొత్త హరికథ ఒకటి రాయించు. ముప్పై నిమిషాలు చాలు: కథకులు ఒకరు, మృదంగం, హార్మోనియం. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహిస్తూ, అంటరానివాళ్లన్న ముద్రతో దళితులను పిలిచే 'పంచమ' అనే మాట వద్దని, 'ఆది ఆంధ్ర' అని పేరు మార్పించిన ఘట్టం కథకు పట్టు. అక్కడ జనం తప్పకుండా చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఆగి, తర్వాత పద్యం ఎత్తుకోమని కథకుడికి ముందే చెప్పు. ఆయన అన్నట్టుగా మాటలు మాత్రం కట్టొద్దు. రాతలో దొరికిన మాటకు, కథకుడి ఊహకు తేడా వినేవాళ్లకు తెలియాలి. ఫోటోకు కంప్యూటర్‌తో పెదాలు కదిలించి గొంతు పెట్టే పని అసలే వద్దు.

డప్పు హరికథకు ముందే ఉండాలి. అది ఆగాక పది నిమిషాలు ఖాళీ ఇవ్వు, లేకపోతే ఆ మోత విన్న చెవులకు కథకుడి గొంతు ఆనదు. తోలు డప్పులైతే సెగ చూపించి బిగించాలి. ఆ మంట షామియానాకు దూరంగా, పక్కన రెండు బకెట్ల నీళ్లతో ఉండాలి. డప్పుకు మైకు అక్కర్లేదు.

ఇక తెర. పన్నెండు అడుగుల వెడల్పు, దాదాపు ఏడడుగుల ఎత్తు ఉంటే రెండు వందల మందికి సరిపోతుంది. చివరి వరుస నలభై అడుగులు దాటితే అక్షరాలు కనపడవు. తెర కింది అంచు నేలకు నాలుగు అడుగుల పైన ఉండాలి, లేకపోతే వెనకాలవాళ్లకు ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. మే చివర్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. ఎనభై చదరపు అడుగుల గుడ్డ తెరచాపలా ఉబ్బి స్తంభాలతో సహా జనం మీద పడుతుంది. కింది తాళ్లు లాగితే ఊడిపోయే ముడితో కట్టించి, గాలి రాగానే వాటిని విప్పడానికే ఒక మనిషిని పెట్టు. ఆ మనిషికి వేరే పని చెప్పొద్దు.

ప్రొజెక్టర్‌ను చిన్న యూపీఎస్ మీద నడపండి. బల్బు ప్రొజెక్టర్ కరెంటు పోయి ఒక్కసారిగా ఆగితే వేడికి బల్బు దెబ్బతింటుంది. జనరేటర్ గాలివాలు చూసుకుని దూరంగా పెట్టించు. సినిమా రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఒక ల్యాప్‌టాప్‌లో ఉండాలి. తెలుగు అక్షరాలు కింద వేస్తుంటే వాటిని బొమ్మలోనే కలిపేయమను. విడి ఫైలుగా ఇస్తే ఆ మిషన్‌లో ఫాంట్ లేక ఒత్తులు విడిపోతాయి, 'భాగ్య'లో 'య' ఒత్తు ఎక్కడో పోయి కూర్చుంటుంది. ముందురోజు రాత్రి అదే స్థలంలో, అదే ప్రొజెక్టర్‌తో మొత్తం ఒకసారి వేసి చూడాల్సిందే.

ఇప్పుడు గుండె గుభేలుమన్న వరుస. 'మాజీ జోగినులకు వేదికపై సన్మానం' అని రాశావు. జోగిని అంటే చిన్నతనంలోనే దేవతకు అంకితమని చెప్పి, పెళ్లికి దూరం చేసి, ఊరి మగవాళ్ల పాలు చేసిన ఆడమనిషి. బిడ్డా, నువ్వింత చదువుకున్నదానివి, ఇదెలా రాశావు?

ఇది నువ్వు కొత్తగా చేస్తున్న తప్పు కాదు. ఇలాంటి సభల్లో పాతుకుపోయిన తప్పు. ఆయన జోగిని, దేవదాసి ఆచారాల మీద పోరాడారు కాబట్టి, ఆ బతుకు బతికిన ఆడవాళ్లను పిలిచి శాలువా కప్పుదామనిపిస్తుంది. మంచి మనసుతోనే అనిపిస్తుంది. కానీ మైకులో ఆ మాట పలికి ఒక మనిషిని పైకి పిలిస్తే, ఊరందరి కళ్ల ముందు ఆమెకు మళ్లీ అదే పేరు పెట్టినట్టు. శాలువా ఆ రాత్రితో మడతపడుతుంది, పేరు మాత్రం మర్నాడు పనిచేసే ఇంటికీ, కూతురు సంబంధం మాట్లాడేచోటికీ వెంట వెళుతుంది. బడిలో తండ్రి పేరు రాసే గడి దగ్గర నలిగిపోయిన పిల్లలున్నారు. వాళ్లు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగాల్లో ఉంటారు. ముందు వరుసలో ఒక ఫోన్ చాలు, ఆ వీడియో వాళ్ల దాకా పోవడానికి.

కాబట్టి ఆ వరుస కొట్టేయి. వాళ్లను పిలువు, అందరిలాగే పిలువు. కుర్చీలు వేయి, పేరు మాత్రమే చెప్పి పలకరించు. పాడతామంటే పాటగత్తెలుగా పాడనీ. మిగతా కళాకారులకు ఇచ్చినంతే, అదే రాత్రి, కవరులో పెట్టి ఇవ్వు. వ్యాఖ్యాత చదవాల్సిన ప్రతి వాక్యం నువ్వు ముందే రాసి చేతికివ్వు. ఉత్సాహంలో సొంతంగా ఒక ముక్క కలిపితే చాలు, కొంప మునుగుతుంది.

డాక్యుమెంటరీలో మాట్లాడే వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. ఒప్పుకోలు కాగితం తెలుగులో రాయించి, గట్టిగా చదివి వినిపించి, ఆలోచించుకోమని వచ్చేయి. మళ్లీ వెళ్లి అడుగు. ఎడిటింగ్ అయ్యాక వాళ్లకే మొదట చూపించి మూడోసారి అడుగు. అప్పుడు వద్దంటే ఎందుకని అడక్కుండా తీసేయి. ముఖం నీడలో పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. గొంతు తెలుస్తుంది, చేతి మీది పచ్చబొట్టు తెలుస్తుంది, వెనకాల కనిపించే గుడి గోపురం ఊరేదో చెప్పేస్తుంది. చెప్పిన మాటలు వేరే ఆమెతో చదివించి, తెర మీద చేతులు కూడా కాకుండా, దారి, చెట్టు, బావి చూపించండి. అసలు ఫుటేజ్ ఒక్క హార్డ్‌డిస్క్‌లో తాళం వేసి పెట్టండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. జోగిని వేషం కట్టించి ఆడించే నృత్యం కూడా వద్దు. దాన్ని వినోదంగా చూసే కళ్లు ఇంకా ఉన్నాయి.

ఆయన 1939లో పోయారు. దేవదాసి అంకితాన్ని నిషేధించే చట్టం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చింది. మధ్యలో నలభై తొమ్మిదేళ్లు. ఆ కాలంలో అంకితమైపోయిన ఆడపిల్లలు ఇప్పుడు మీ సభకు వచ్చే వయసు అవ్వల్లో ఉంటారు. నా దడ అందుకే. కోపంగా రాశానని మనసు కష్టపెట్టుకోకు తల్లీ. నీలాంటిది పూనుకుంది కాబట్టే ఇంత రాయాలనిపించింది.

మార్చిన కార్యక్రమం, వ్యాఖ్యాత చదివే కాగితం అచ్చుకు వెళ్లే ముందు నాకు పంపు. గాలికి తెర తాళ్లు విప్పే మనిషి ఎవరో కూడా రాయి.

నీ పెద్దమ్మ