హంగరీలో 1990–2010 మధ్య ఏడుగురు ప్రధానులు వచ్చినా మధ్యంతర ఎన్నికలు ఒక్కసారీ ఎందుకు రాలేదు?

మీ ప్రశ్న ఇదీ: కమ్యూనిస్టు పాలన పోయాక 1990, 1994, 1998, 2002, 2006లో ఎన్నికలు జరిగాయి, అంటే ఐదు. 2010 లోపు ప్రధానుల జాబితాలో మాత్రం ఏడు పేర్లున్నాయి. మధ్యలో ప్రభుత్వాలు కూలితే ఎన్నికలు రావాలి కదా, ఎందుకు రాలేదు?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, అక్కడ ప్రధానిని దించాలంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో పేరు రాసిచ్చి, ఆ పేరుకే మెజారిటీ తేవాలి. 1990లో రాజ్యాంగంలో పెట్టిన మెలిక ఇది. మధ్యలో ప్రధాని మారింది మూడుసార్లు. ఒకసారి మరణం వల్ల, ఒకసారి రాజీనామాతో, ఒకసారి అవిశ్వాసంతో. ఏ దారిలో పోయినా ఎన్నికల దాకా వెళ్లలేదు.

ముందు తేదీలు సరిచూసుకుందాం. అంతల్ 1990 మే 23న ప్రధాని అయ్యారు, 1993 డిసెంబరు 12న పదవిలో ఉండగానే చనిపోయారు. బొరోష్ 1994 జులై 15 దాకా, హోర్న్ 1998 జులై 6 దాకా, ఒర్బాన్ 2002 మే 27 దాకా, మెద్యెషి 2004 సెప్టెంబరు 29 దాకా, ద్యుర్చాన్య్ 2009 ఏప్రిల్ 14 దాకా, బయ్‌నయి 2010 మే 29 దాకా ఉన్నారు. ఆ రోజు ఒర్బాన్ రెండోసారి వచ్చారు.

ఒక్కో జాబితాలో ఒక్కో అంకె కనిపించడానికి కారణాలున్నాయి. నేమెత్ మిక్లోష్ 1988 నవంబరులో కమ్యూనిస్టు పార్టీ తరఫున వచ్చిన మనిషి. అప్పటి హోదా పేరు మంత్రిమండలి అధ్యక్షుడు. 1989 అక్టోబరు 23న గణతంత్రం ప్రకటించేటప్పుడు రాజ్యాంగం మార్చి ఆ హోదాను ప్రధానమంత్రి చేశారు. కుర్చీ అదే, మనిషీ అతనే, బోర్డు మారింది. కొందరు ఆయన్ని కలుపుతారు, కొందరు వదిలేస్తారు. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల నుంచి లెక్క మొదలుపెడితే ఆయన రారు. నా లెక్కలో కలపకపోవడమే సబబు. బొరోష్ విషయంలో రెండు తేదీలు కనిపిస్తాయి: డిసెంబరు 12న తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నారు, డిసెంబరు 21న పార్లమెంటు ఎన్నుకుంది. రెండూ సరైనవే. ద్యుర్చాన్య్ ఒక్కడే అయినా ప్రభుత్వాలు రెండు, 2006 ఎన్నికలకు ముందొకటి, తర్వాతొకటి. ప్రభుత్వాలు లెక్కపెడుతున్నారా, మనుషుల్నా అన్నది ముందే తేల్చుకోవాలి.

పేర్లు వెతికేటప్పుడు ఇంకో సంగతి. హంగేరియన్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. నందమూరి తారక రామారావు అన్నట్టే ఒర్బాన్ విక్తొర్, హోర్న్ ద్యులా. ఇంగ్లిషు పేజీల్లో అది తిరగబడుతుంది. అక్షరాల దగ్గర కూడా జాగ్రత్త: వాళ్ల ఒంటి ‘ఎస్’ మన ‘ష’, ‘ఎస్’ పక్కన ‘జెడ్’ ఉంటే ‘స’. అందుకే బొరోష్, ఒర్బాన్ పార్టీ పేరు ఫిదెస్.

ఇక మెలిక ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1990 ఎన్నికల్లో అంతల్ పార్టీ ఎండీఎఫ్ పెద్ద పార్టీ అయింది. చిన్నకారు రైతుల పార్టీ, క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు తోడైతే 386 సీట్ల సభలో మామూలు మెజారిటీ హాయిగా వచ్చింది. చిక్కల్లా మూడింట రెండొంతుల దగ్గర, అంటే 258 దగ్గర. 1989 నాటి రాజ్యాంగం ప్రకారం చాలా చట్టాలకు ఆ మెజారిటీ కావాలి. అది లేని ప్రభుత్వం అలాంటి ప్రతి బిల్లుకూ ప్రతిపక్షం గడప తొక్కాల్సిందే. అందుకని ఏప్రిల్ 29న అంతల్, ప్రధాన ప్రతిపక్షమైన ఉదారవాద పార్టీ ఎస్‌జెడ్‌డీఎస్‌జెడ్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆ పార్టీ మనిషి గొంట్స్ అర్పాద్‌కు రాష్ట్రపతి పదవి. బదులుగా రెండొంతుల చట్టాల జాబితా కుదింపు, ప్రధానికి పక్కా రక్షణ. ఆ వేసవిలోనే రాజ్యాంగ సవరణ అయిపోయింది.

ఆ సవరణతో అవిశ్వాసం పని చేసే తీరు ఇది. సభ్యుల్లో అయిదో వంతు, అంటే 386లో 78 మంది, రాతపూర్వకంగా తీర్మానం ఇవ్వాలి. అందులో కొత్త ప్రధాని పేరు తప్పనిసరి. తీర్మానం ఇచ్చాక కనీసం మూడు రోజులు ఆగాలి, ఎనిమిది రోజులు దాటకూడదు. ఆ మూడు రోజులు ఆవేశం చల్లారడానికి, ఎనిమిది రోజుల గడువు బేరాలు సాగదీయకుండా ఉండడానికి. ఓటింగులో హాజరైనవాళ్లలో మెజారిటీ చాలదు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా రావాలి, అంటే 194. నెగ్గితే పాత ప్రధాని దిగడం, కొత్త ప్రధాని ఎన్నిక ఒకే ఓటింగుతో అయిపోతాయి. మధ్యలో రాష్ట్రపతి ఎవరి పేరూ ప్రతిపాదించాల్సిన పని లేదు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, 2009లో పనికొస్తుంది.

దీనికి తోడు మరొకటి చేశారు. మంత్రి మీద విడిగా అవిశ్వాసం పెట్టే వీల్లేదు. మంత్రిని పెట్టాలన్నా తీయాలన్నా ప్రధాని రాష్ట్రపతికి చెప్పాలి. దీంతో సంకీర్ణంలో చిన్న పార్టీ చేతిలో ఒకే ఆయుధం మిగిలింది: తమ మంత్రిని తీసేస్తే ఏకంగా ప్రధాని మీదే తిరగబడాలి. తర్వాతి రెండు సంక్షోభాలూ సరిగ్గా ఇక్కడే పుట్టాయి.

విశ్వాస పరీక్ష వేరే సంగతి. దాన్ని అడిగే హక్కు ప్రభుత్వానిదే, ప్రధాని ద్వారానే అడగాలి. ఓడితే దిగాలి, అక్కడ కొత్త పేరు అక్కర్లేదు. 1999 ఏప్రిల్‌లో మన దగ్గర రాష్ట్రపతి అడిగితే వాజ్‌పేయి విశ్వాస పరీక్షకు వెళ్లి 269–270తో ఓడిపోయారు. ఆ 270 మందీ ఒక నాయకుడి పేరు మీద కలవలేకపోయారు, ఎన్నికలు వచ్చాయి. హంగరీలో రాష్ట్రపతి అలా పరీక్షకు నెట్టలేరు. ప్రతిపక్షం తనంతట తాను దించాలంటే ముందు ఆ 270 మందీ ఒక పేరు తేల్చుకోవాల్సి వచ్చేది.

1993 మార్పు సాఫీగా జరిగింది. అంతల్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారని అందరికీ తెలుసు. హోం మంత్రి బొరోష్ ఆయన స్థానంలో పని చూశారు, సంకీర్ణానికి మెజారిటీ ఉంది కాబట్టి తొమ్మిది రోజుల్లో ఎన్నిక అయిపోయింది. హోర్న్, ఒర్బాన్ ఇద్దరూ నాలుగేళ్లూ నిండుగా ఉన్నారు. హోర్న్ సోషలిస్టు పార్టీ ఎంఎస్‌జెడ్‌పీకి ఒంటరిగానే 209 సీట్లుండేవి. 1995 మార్చి 12న ప్రకటించిన ఆర్థిక మంత్రి బొక్రోష్ పొదుపు చర్యల్లో భాగంగా అక్కడి కరెన్సీ ఫోరింట్ విలువ 9 శాతం తగ్గించి, దిగుమతులపై 8 శాతం అదనపు సుంకం వేసి, జనంతో తిట్లు తిన్నా కుర్చీ కదల్లేదంటే కారణం ఆ అంకే.

2004 అలా కాదు. 2002లో ఎంఎస్‌జెడ్‌పీ, ఎస్‌జెడ్‌డీఎస్‌జెడ్ కలిపి 198, ఎదుటి పక్షం 188. కావాల్సిన 194 కన్నా నలుగురే ఎక్కువ. ఉదారవాదుల దగ్గరున్నది ఇరవై మందే అయినా వాళ్లు పక్కకు జరిగితే ప్రధాని లేరు. 2004 జూన్ యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఫిదెస్‌కు 24లో 12 సీట్లు వచ్చి, ఎంఎస్‌జెడ్‌పీ 9తో వెనకబడింది. మెద్యెషి మంత్రివర్గాన్ని మార్చి పట్టు నిలుపుకోవాలనుకున్నారు. తీసేయాలనుకున్నవాళ్లలో ఆర్థిక వ్యవహారాలు, రవాణా మంత్రి చిల్లగ్ ఇష్త్వాన్ ఉదారవాదుల మనిషి. వాళ్లు ప్రధానిపై నమ్మకం లేదన్నారు. మెద్యెషి అసలు ఎంఎస్‌జెడ్‌పీ సభ్యుడే కాదు, పార్టీ బయటి నుంచి తెచ్చుకున్న ఆర్థిక నిపుణుడు. గట్టిగా వెనక నిలబడే వర్గం లేదు. వారం తిరిగేసరికి పార్టీ మహాసభ ద్యుర్చాన్య్‌ను ఎంచుకుంది, మెద్యెషి రాజీనామా చేశారు. సెప్టెంబరు 29న పార్లమెంటు ద్యుర్చాన్య్‌ను ఎన్నుకునేదాకా ఆపద్ధర్మ ప్రభుత్వం నడిచింది. ఆపద్ధర్మం అంటే అక్కడ కాగితం మీద హద్దులున్న మాట: అంతర్జాతీయ ఒప్పందాలు చేసుకోకూడదు, చట్టం స్పష్టంగా అధికారం ఇస్తే తప్ప కొత్త ఉత్తర్వులు ఇవ్వకూడదు.

ద్యుర్చాన్య్ అప్పటికి ఎంపీ కాదు. తర్వాత బయ్‌నయి కూడా కాదు. మన దగ్గరైతే ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి, హంగరీలో ఆ షరతే లేదు. పార్టీలు రాత్రికి రాత్రి బయటి పేరు తేగలగడానికి ఇదొక కారణం.

ఇక ద్యుర్చాన్య్ ఎందుకు అంతకాలం నిలబడ్డారన్నదే అసలు పాఠం. 2006 మే 26న ఓసొద్ అనే ఊళ్లో సొంత ఎంపీల ముందు తలుపులు మూసి మాట్లాడుతూ ‘పొద్దున, రాత్రి, సాయంత్రం అబద్ధాలు చెప్పాం’ అన్నారు. సెప్టెంబరు 17న ఆ టేపు రేడియోలో వచ్చింది. బుడాపెస్ట్‌లో అల్లర్లు, మరుసటి రాత్రి ప్రభుత్వ టీవీ భవనంపై దాడి. అక్టోబరు 6న ఆయనే విశ్వాస పరీక్ష కోరి 207–165తో నెగ్గారు. వీధి ఎంత మండినా సభలో అంకె మారకపోతే ఏమీ కాదు.

2008 మార్చి 9న ప్రభుత్వం పెట్టిన ఫీజుల మీద ప్రజాభిప్రాయ సేకరణ వచ్చింది. డాక్టరు దగ్గరకు వెళ్తే 300 ఫోరింట్లు, ఆసుపత్రిలో రోజుకు 300 ఫోరింట్లు, విద్యార్థులకు ఫీజు. మూడింటినీ జనం భారీ మెజారిటీతో కొట్టేశారు. ద్యుర్చాన్య్ ఉదారవాదుల ఆరోగ్య మంత్రిని తప్పించారు. మళ్లీ అదే పీటముడి. ఈసారి వాళ్లు సంకీర్ణం వదిలి వెళ్లిపోయారు. 2004లోలాగే ప్రధాని పడిపోవాలి కదా? పడలేదు. 2006 ఫలితాల లెక్క తీయండి: ఎంఎస్‌జెడ్‌పీకి 190, అంటే 194కి తక్కువ. అవతల ఫిదెస్ కూటమికి 164, ఉదారవాదులకు 20, ఎండీఎఫ్‌కు 11. ముగ్గురూ కలిస్తే 195. కానీ కలవాల్సింది ‘వద్దు’ అనే మాట మీద కాదు, ఒక పేరు మీద. ఫిదెస్ పెట్టే పేరుకు ఉదారవాదులు ఓటేయరు. 2004లో ఎంఎస్‌జెడ్‌పీలోనే ప్రత్యామ్నాయం రెడీగా ఉంది, 2008లో లేదు. తేడా అంతే. దాదాపు ఏడాది పాటు మైనారిటీ ప్రభుత్వం అలాగే నడిచింది.

ఆ ఏడాదిలో ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. 2008 శరదృతువులో ఐఎంఎఫ్, ఈయూ, ప్రపంచ బ్యాంకు కలిసి 20 బిలియన్ యూరోల రుణం సిద్ధం చేశాయి. 2009 మార్చి 21న ద్యుర్చాన్య్ తానే అడ్డంకి అయ్యానంటూ తప్పుకుంటానన్నారు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. తప్పుకుంటానన్నవాడు రాజీనామా చేయొచ్చుగా? చేస్తే కొత్త పేరు ప్రతిపాదించే వంతు రాష్ట్రపతి షోయోమ్ లాస్లోది. ఆయనేమో ముందస్తు ఎన్నికలే మేలని బాహాటంగా అన్నారు. అందుకని ఎంఎస్‌జెడ్‌పీ సొంత ప్రధాని మీదే అవిశ్వాసం పెట్టింది, అందులో జాతీయ అభివృద్ధి, ఆర్థిక వ్యవహారాల మంత్రి బయ్‌నయి పేరు రాసింది. ఏప్రిల్ 14న ఒకే ఓటింగుతో పని ముగిసింది, రాష్ట్రపతి ప్రమేయం లేదు. పైకి అవిశ్వాసం, లోపల అధికార మార్పిడి. హంగరీలో ఇలా ప్రధాని మారడం అదే మొదటిసారి. బయ్‌నయి నెలకు ఒక్క ఫోరింట్ జీతం తీసుకుంటానని చెప్పి, ఏడాదికి అదనంగా ఇచ్చే 13వ నెల పెన్షన్ తీసేసి, జులై 1 నుంచి వ్యాట్ 20 నుంచి 25 శాతానికి పెంచారు.

సభ తనను తాను రద్దు చేసుకునే దారి అప్పుడూ ఉంది. వాడలేదు, ఎందుకో 2010 ఫలితం చెబుతుంది: 190తో ఉన్న ఎంఎస్‌జెడ్‌పీకి 59 మిగిలాయి, ఉదారవాదులకు సున్నా, ఫిదెస్ కూటమికి 263. ఏడాది ముందే ఆ గోతిలో దూకమంటే ఎవరు దూకుతారు?

2012 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త రాజ్యాంగం కూడా ఈ పద్ధతినే ఉంచింది. 2014 నుంచి సీట్లు 199 కాబట్టి తీర్మానానికి 40 సంతకాలు, నెగ్గడానికి 100 ఓట్లు, అదే మూడు–ఎనిమిది రోజుల గడువు. రాష్ట్రపతి తనంతట తాను సభను రద్దు చేయగలిగేది రెండు సందర్భాల్లోనే: తొలి ప్రతిపాదన నుంచి 40 రోజుల్లో సభ ప్రధానిని ఎన్నుకోలేకపోతే, లేదా ఆ ఏడాది బడ్జెట్ మార్చి 31 లోపు ఆమోదం పొందకపోతే.