చెప్పలేదూ? జవాబు అక్కర్లేని ప్రశ్నల సంగతి

సందేహం: మా అమ్మాయి వక్తృత్వ పోటీలో ఊరి చెరువు గురించి మాట్లాడుతూ “ఈ చెరువు నీళ్లు తాగనివాళ్లెవరు?” అంది. న్యాయనిర్ణేతల్లో ఒకరు “ప్రశ్న వేసి జవాబు చెప్పకుండా వదిలేశావు. పైగా తాగినవాళ్ల గురించి చెప్పాల్సిన చోట ‘తాగని’ అన్నావు” అని మార్కులు తగ్గించారు. ఇలా అడగడం తెలుగులో తప్పా? దీన్ని కాకువు అని ఒకరు, వక్రోక్తి అని ఇంకొకరు, అలంకారిక ప్రశ్న అని మరొకరు అన్నారు. ఏది సరి? పిల్లలకు శిక్షణ ఇచ్చే మాస్టారు ఈథోస్, పాథోస్, లోగోస్ అంటుంటారు. వాటికీ దీనికీ సంబంధం ఉందా? (ఒక పాఠకురాలు)

సమాధానం: తప్పేమీ లేదు, వాక్యం నిక్షేపంగా ఉంది. ఆ న్యాయనిర్ణేత కూడా ఇంట్లో “నాకేం తెలుసు?”, “ఎవరు చూడొచ్చారు?” అనే మాట్లాడతారు. వాటికి జవాబులు చెప్పుకుంటూ కూర్చోరు కదా.

ఈ ప్రశ్నలకు తెలుగులో ఒక తిరకాసు లెక్క ఉంది. అవునన్నట్టు అడిగితే కాదని, కాదన్నట్టు అడిగితే అవునని అర్థం. “ఎవరికి తెలుసు?” అంటే ఎవరికీ తెలియదని. “ఎవరికి తెలియదు?” అంటే అందరికీ తెలుసని. “ఎందుకు రాను?” అన్నవాడు తప్పకుండా వస్తాడు. అందుకే ‘తాగని’ని ‘తాగిన’ అని దిద్దితే వాక్యం తలకిందులవుతుంది. “ఈ చెరువు నీళ్లు తాగినవాళ్లెవరు?” అంటే ఎవరూ తాగలేదనో, తాగినవాళ్లు చేతులెత్తమనో అనుకోవాల్సి వస్తుంది.

నిజంగా తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న వేరు, ఇది వేరు అని తెలియడానికి మన వాడుకలో కొన్ని గుర్తులున్నాయి. “నేనేమన్నా దేవుణ్ణా?” అన్నప్పుడు ‘ఏమన్నా’ ఆ పని చేస్తుంది. “వాళ్లకి మాత్రం పిల్లలు లేరూ?” అన్నప్పుడు ‘మాత్రం’ చేస్తుంది. అన్నిటిలోకీ నాకు ముచ్చటగొలిపేది చివరి ఊకారం. “నేను చెప్పలేదా?” అని మతిమరుపు మనిషి నిజంగానే అడగవచ్చు. “నేను చెప్పలేదూ?” అంటే మాత్రం చెప్పాననే, విననందుకు దెప్పుతున్నాననే. ఒక్క దీర్ఘంలో ఇంత సామాను సర్దిన భాష మనది. అచ్చులో దీన్ని పొరపాటనుకుని ‘లేదా’ అని దిద్దేస్తుంటారు. నా వ్యాసాల్లోనే రెండుసార్లు జరిగింది.

ఇక పేరు సంగతి. కాకువు అంటే గొంతు మార్పు. శోకం, భయం వంటివాటి వల్ల ధ్వనిలో వచ్చే వికారమని అమరకోశం చెప్పింది. దీనికి ఎక్కువగా చూపే ఉదాహరణ భట్టనారాయణుడి వేణీసంహార నాటకంలోని భీముడి మాట. ధర్మరాజు సంధికి ఒప్పుకుంటున్నాడని విని మండిపడుతూ అంటాడు: యుద్ధంలో నూరుగురు కౌరవుల్ని చంపను, దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగను, గదతో సుయోధనుడి తొడలు నుగ్గుచేయను, మీ రాజు సంధి చేసుకోనీ. కాగితం మీద చదివితే భీముడు చాలా బుద్ధిమంతుడైపోయాడు. నటుడి గొంతులో వింటే ప్రతి ‘ను’ దగ్గరా కాళ్లు వణకాలి. ఆ శ్లోకంలో ప్రశ్న పదం ఒక్కటీ లేదు, భారమంతా గొంతుదే. మన “ఆఁ, వస్తాడు వస్తాడు!” కూడా ఆ జాతిదే. వాడు రాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

వక్రోక్తికి మనుషులు ఇద్దరు కావాలి. ఒకరు అన్న మాటను ఇంకొకరు అందుకుని వేరే అర్థానికి తిప్పాలి. శ్లేషతో, అంటే ఒకే మాటకున్న రెండర్థాలతో తిప్పితే శ్లేష వక్రోక్తి, గొంతుతో తిప్పితే కాకు వక్రోక్తి. తల్లి “వాడు రాడే” అని దిగులు పడుతుంటే, కూతురు “వాడు రాడూ?” అని తిప్పికొట్టడం కాకు వక్రోక్తి. మీ అమ్మాయి వేదిక మీద ఒక్కతే మాట్లాడింది కాబట్టి ఆమెది కాకువే గాని ఈ అర్థంలో వక్రోక్తి కాదు. పాత అలంకారశాస్త్రకారుల్లో కుంతకుడు వక్రోక్తిని కావ్యానికంతటికీ ప్రాణం చేశాడు. ఆ లెక్క వేరు, దాన్ని ఇక్కడికి లాగితే తేలము.

కాకువు అసలు అలంకారమేనా అన్న తగాదా కూడా పాతదే. ఆ కోవవాడే అయిన రుద్రటుడు కాకు వక్రోక్తిని అలంకారాల్లో చేర్చాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఒప్పుకోలేదు. అది చదివే తీరుకు సంబంధించిన ధర్మం, అలంకారం ఎలా అవుతుందన్నాడు. (గమనించారా, ఆయనా ప్రశ్నతోనే కొట్టిపారేశాడు.) నేను రాజశేఖరుడి పక్షం. ‘అలంకారిక ప్రశ్న’ అన్న పేరు ఇంగ్లీషు నుంచి దించుకున్నది. వాడితే కొంప మునగదు, కానీ అది వినగానే ఈ ప్రశ్న మాటకు పెట్టిన నగలాగా అనిపిస్తుంది. నగకాదది, పనిముట్టు. ఎలాంటి పనిముట్టో పోతన దగ్గర చూడండి.

భాగవతం అష్టమ స్కంధంలో, వచ్చినవాడు విష్ణువని పసిగట్టిన శుక్రాచార్యుడు బలిని ఆపబోతాడు. కులాన్ని, రాజ్యాన్ని, తేజాన్ని నిలుపుకొమ్మంటాడు, తన మాట వినమంటాడు, “వలదీ దానము గీనముం బనుపుమా వర్ణిన్ వదాన్యోత్తమా” అని ముగిస్తాడు. ఎక్కువగా ఆజ్ఞలే. ‘దానము గీనము’ అని దానాన్ని తీసిపారేసి, అదే నోటితో ‘దాతల్లో శ్రేష్ఠుడా’ అని పిలిచాడు పాపం! గురువు అలా శాసిస్తే శిష్యుడేం చేయాలి? ఎదురు చెప్పకూడదు, ఒప్పుకోకూడదు. బలి ఇలా అంటాడు:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

నాలుగు పాదాల్లో ఎనిమిది ప్రశ్నలు. చివరి ఏకారాన్ని నేటి ‘ఆ’గా మార్చుకుంటే అర్థం తేలుతుంది. ‘కారే’ అంటే కాలేదా అని, అంటే అయ్యారు. ‘చాలిరే’ అంటే మూటగట్టుకుపోగలిగారా అని, అంటే లేదు. నేటి ఏకారం నొక్కి చెప్పడానికి వాడతాం కాబట్టి, ‘పేరైనం గలదే’ని ‘పేరైనా ఉన్నదే కదా’ అని పిల్లలు బోల్తా పడుతుంటారు. ఇప్పుడు నడక చూడండి. కారే, కలుగవే, పొందరే అని మూడు అవునులు. ‘వారేరీ’ దగ్గర మలుపు. చాలిరే, కలదే అని రెండు కాదులు. మళ్లీ ‘ఈరే’ (ఇవ్వలేదా) దగ్గర శిబి వంటి దాతలకు అవును, ‘మఱచిరే’ దగ్గర మరుపుకు కాదు. ఈ అవునులు, కాదులు బలి నోట రాలేదు, వింటున్న శుక్రుడి మనసులో పలికాయి. శిష్యుడు గురువును కాదనలేదు, గురువు చేత గురువునే కాదనిపించాడు. ఎనిమిది ప్రశ్నలు కురిపించాక చివరికి ‘భార్గవా’ అని శుక్రుణ్ణి పిలిచి వినయంగా ఆగాడు.

మీ మాస్టారి మూడు మాటలు అరిస్టాటిల్ చెప్పినవి: మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవాళ్ల మనసు కదలడం, వాదంలో పట్టు. బలి పద్యంలో మూడూ దొరుకుతాయి, బోర్డు మీద గీతలు గీసి చూపించవచ్చు. చాలామంది వీటికి తెలుగు మాటలుగా ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం రాస్తున్నారు. అది కుదరదు. అలంకారశాస్త్రకారులు మమ్మటుడు, మన ఓరుగల్లు విద్యానాథుడు చెప్పిన ఈ విభాగం ఒప్పించే సాధనాల గురించి కాదు, చెప్పేవాడికీ వినేవాడికీ ఉన్న చుట్టరికం గురించి. వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రుడిలా చెబుతుంది, కావ్యం కాంతలా లాలిస్తూ ఒప్పిస్తుంది. శుక్రుడిది ప్రభువు ధోరణి. బలి ప్రశ్నలు మిగిలిన రెండింటి మధ్య ఎక్కడో తిరుగుతుంటాయి.

మీ అమ్మాయికి ఒక్క జాగ్రత్త చెప్పండి. జవాబు వినేవాళ్ల మనసులో ముందే ఉంటేనే ఈ ప్రశ్న పారుతుంది. ఒక సభలో నిర్వాహకుడు గొంతు పెంచి “మీకు నేనేం తక్కువ చేశాను?” అంటే వెనక వరసలోంచి “మంచినీళ్లు!” అని వినిపించింది. చెరువు ప్రశ్నకు ఆ భయం లేదు, ఊళ్లోవాళ్లంతా ఆ నీళ్లు తాగినవాళ్లే. అయితే పోటీ పట్నంలో పెడితే ఎదుట కూర్చున్నవాళ్లు ఆ నీళ్లు ఎరగరు. అప్పుడు “మా ఊళ్లో ఈ చెరువు నీళ్లు తాగనివాళ్లెవరు?” అని ఆ రెండు మాటలు ముందు చేర్చుకోమనండి. రాసేటప్పుడు చివర ప్రశ్న గుర్తు ఉంచాలి. చెప్పేటప్పుడు ‘ఎవరు’ తర్వాత కాసేపు ఆగాలి, ఆ న్యాయనిర్ణేతకు కూడా జవాబు తట్టేంతసేపు.