చిన్నీకి, గుండె దడ గురించి

చిన్నీ,

మొన్న రాత్రి రెండింటికి ఫోన్ చేసి "పెద్దమ్మా, గుండె ఆగిపోతుందేమో" అన్నావు. ఆ వేళ నీ పక్కన కూర్చోలేకపోయానన్న బాధ ఇంకా పోలేదు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

నీ వయసులో నాకూ ఇలాగే వచ్చింది. విశాఖ మద్దిలపాలెంలో బస్సెక్కి మధురవాడ స్కూలుకి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఒకరోజు హనుమంతవాక దగ్గర గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటున్నట్టయింది. అరచేతులు తడిసిపోయాయి, పెదాలు తిమ్మిరెక్కాయి. బస్సు దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. డాక్టరుకి చూపించుకుంటే, ఈసీజీ కాగితం చేతిలో పెట్టి "ఏమీ లేదమ్మా, పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం కుంగదీసింది. జబ్బు లేకపోవడం వేరు, బాధ లేకపోవడం వేరు. నీ గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంది. నువ్వు ఊహించుకున్నది కాదు.

అయినా ముందు పరీక్షలు చేయించుకో. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళ గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది, భయం వేస్తే అంతకన్నా పెరగడం మామూలే. కానీ స్పృహ తప్పినా, పరిగెత్తేటప్పుడో మెట్లెక్కేటప్పుడో కళ్ళు తిరిగినా, గుండెల్లో నొప్పి చేతికో దవడకో పాకినా టెన్షన్ అనుకుని ఊరుకోకు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

అన్నీ బాగున్నాయని ఒకసారి డాక్టరు చెప్పాక నెలనెలా ఈసీజీ తీయించుకోకు. గుండె వేగం చూపించే ఆ చేతి వాచీ కూడా కొన్నాళ్ళు తీసెయ్యి. అంకె చూసి భయపడతావు, భయానికి అంకె ఇంకా పెరుగుతుంది.

దడ వచ్చినప్పుడు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటారు చాలామంది. అది చెయ్యకు. గబగబా ఎక్కువ గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాలు, వేళ్ళు తిమ్మిరెక్కేది అందుకే. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చు, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదులు. దడని ఆపాలని పోట్లాడకు. మామూలుగా పది నిమిషాల్లోపే పతాకస్థాయికి వెళ్ళి, ఆ తర్వాత తనంతట తనే దిగుతుంది.

నాకు అసలు భయం వేసింది నీ దడ గురించి కాదు. మూడు వారాలుగా ఆఫీసు మీటింగుల్లో నోరు విప్పడం మానేశానన్నావే, దాని గురించి. నేనూ అలాగే చేశాను. మర్నాటి నుంచి బస్సు మానేసి ఆటో ఎక్కాను. తర్వాత తోడు లేకుండా ఆటో కూడా ఎక్కలేకపోయాను. చివరికి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాలన్నా మీ అమ్మ పక్కన ఉండాలి. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకి ప్రాణం హాయిగా ఉండేది. ఆ హాయి కోసమే రెండేళ్ళు పోగొట్టుకున్నాను.

మా స్కూల్లో ఒక టీచరుగారు నన్ను బయటికి లాగారు. మొదటి రోజు మద్దిలపాలెం నుంచి ఇసుకతోట దాకా, ఒక్క స్టాపే. దడ వచ్చింది. ఇంటికి వెళ్ళిపోదామంటే ఒప్పుకోలేదు. అది తగ్గేదాకా స్టాపులోనే నిలబడి మళ్ళీ బస్సెక్కించారు. వారం అదే చేశాం. తర్వాత వెంకోజీపాలెం. హనుమంతవాక దాటడానికి నెల పట్టింది. దాటిన రోజు కూడా గుండె కొట్టుకుంటూనే ఉంది, కానీ నేను సీట్లోంచి లేవలేదు.

నువ్వు కూడా రేపటి మీటింగులో ఒక్క వాక్యం మాట్లాడు. గొంతు వణికినా సరే. వారం తర్వాత రెండు.

కాఫీ రెండు కప్పులకి తగ్గించు, ఆ ఎనర్జీ డ్రింకులు పూర్తిగా మానెయ్యి. నిద్ర సంగతి నీకూ తెలుసు.

నీ వల్ల కాకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడకు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరు చెప్పి పిల్లల్ని వెక్కిరించడం మన ఊళ్ళో పాత అలవాటు, నాకు ఆ మాట వింటేనే కోపం వస్తుంది. ఈ భయాన్ని ఎదుర్కోవడం నేర్పే పద్ధతులున్నాయి, అవసరమైతే మందులున్నాయి. కానీ స్నేహితురాలు వాడుతోందని ఆ మాత్రలు నువ్వు వేసుకోకు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని, ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నాకు చెయ్యడానికీ మొహమాటపడకు.

పరీక్షలు బాగున్నాయని తేలితే ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి. కైలాసగిరి మెట్లెక్కుదాం. సగం దూరంలో నీ గుండె ఆ రాత్రిలాగే దడదడలాడుతుంది. అక్కడ ఆగి, నా చెయ్యి పట్టుకుని, అది నెమ్మదించేదాకా చూద్దాం. రిపోర్టులు తెచ్చుకో. ఇంటికొచ్చాక దిబ్బరొట్టె వేస్తాను.

మీ పెద్దమ్మ