కలినరీ ఆర్ట్స్ చదివిస్తే బంధువులకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంజనీరింగ్ వద్దట. కలినరీ ఆర్ట్స్‌లో డిగ్రీ చేసి షెఫ్ అవుతానంటున్నాడు. మామూలు హోటల్ మేనేజ్‌మెంట్ మేలా, ఇది మేలా? విదేశాల్లో చదివిస్తే తిరుగుండదని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెబుతున్నారు. అప్పు చేసి పంపొచ్చా? బంధువులకు ఏమని చెప్పాలో కూడా అర్థం కావడం లేదు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉందండీ. ఈ కోర్సు గురించి అడిగే తల్లిదండ్రులు జీతంతో మొదలుపెడతారు, కాసేపటికి గొంతు తగ్గించి అక్కడికే వస్తారు: "ఇంత చదివించి వంటవాణ్ణి చేశామంటారేమో సార్." కటువుగా చెబుతున్నానని అనుకోవద్దు. పెళ్ళికి వెళ్ళొచ్చి, పెళ్ళికొడుకు ఏం చేస్తాడో మర్చిపోయినా భోజనాల గురించి వారం రోజులు మాట్లాడుకునేది మనమే. ఆ వంట చేసే పని మాత్రం మనింటి పిల్లాడికి తగదు! ఇష్టం లేని ఇంజనీరింగ్‌లో చేరి, బ్యాక్‌లాగ్‌లు మూటగట్టుకుని ఇంట్లో కూర్చున్న పిల్లల తండ్రులు కూడా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళను బంధువులు ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు.

అలాగని మీవాడు టీవీలో చూసిందంతా నిజమని చెప్పను. నిరుడు ఇండస్ట్రియల్ ట్రైనింగ్, అంటే కోర్సులో భాగంగా హోటల్లో చేసే శిక్షణ, ముగించుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ముంజేతి మీద ఓవెన్ ఊచలు తగిలి కమిలిన గీతలు రెండున్నాయి. మొదటి మూడు వారాలు ఉల్లి, వెల్లుల్లి ఒలవడమేనట. తర్వాత క్యారెట్లు ఇచ్చి బ్రునోయిజ్ కోయమన్నారు, అంటే అన్ని వైపులా మూడేసి మిల్లీమీటర్ల ముక్కలు. గిన్నెడు కోశాక షెఫ్ వచ్చి, వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూసి, ఏమీ అనకుండా మొత్తం సూప్‌ల కోసం రసం మరిగించే స్టాక్ కుండలో పోసేసి, మళ్ళీ కోయమన్నాడట. "ఏడుపొచ్చింది సార్. కానీ రెండోసారి ఒకటే సైజులో వచ్చాయి" అన్నాడు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు వాడి ముఖం చూశాక వీడు నిలబడతాడనిపించింది. ఇంకా ఆ పనిలోనే ఉన్నాడు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. హోటల్ మేనేజ్‌మెంట్‌లో ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, సర్వీస్, కిచెన్ నాలుగూ నేర్పుతారు. హైదరాబాద్ ఐహెచ్‌ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్) లాంటి చోట్ల అది మూడేళ్ళ బీఎస్సీ, డిగ్రీ జేఎన్‌యూది. కిచెన్ పడకపోతే పక్క విభాగానికి జరిగే వీలుంటుంది. కలినరీ ఆర్ట్స్‌లో దాదాపు అంతా వంటగదే: బేకరీ, ప్రాంతీయ వంటలు, మెనూ తయారీ, ప్లేటుకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే ఫుడ్ కాస్టింగ్, ఆహార భద్రత. తిరుపతిలో కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ బీబీఏ ఇస్తారు. బేగంపేటలోని కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా 1996 నుంచి నడుస్తోంది. మణిపాల్‌లో బీఏ ఉంది. మీవాడు వంట తప్ప ఇంకేదీ వద్దంటే ఇవి చూడండి, ఏమాత్రం ఊగిసలాట ఉన్నా ఐహెచ్‌ఎం మేలు. బ్రోషర్లలో కనిపించని మాట ఒకటుంది. రెండు రకాల పిల్లలూ చివరికి అదే కిచెన్‌లో, పక్కపక్కనే, కమీగా, అంటే అన్నిటికంటే కింది మెట్టు షెఫ్‌గా చేరతారు. అక్కడి నుంచి డెమీ, తర్వాత ఒక విభాగం చూసుకునే సీడీపీ, పెద్ద షెఫ్‌కు కుడిభుజంలాంటి సూ షెఫ్, ఆ తర్వాతే కిచెన్ మొత్తానికి పెద్ద అయిన ఎగ్జిక్యూటివ్ షెఫ్. మొదటి జీతం చూసి మీకు నిరాశ కలుగుతుంది, అందుకు ఇప్పుడే సిద్ధపడండి. దసరాకీ, డిసెంబర్ 31కీ వాడు డ్యూటీలోనే ఉంటాడని వాళ్ళమ్మగారికి కూడా చెప్పండి.

ఇక విదేశాల సంగతి. నాకు అనుమానాలున్నది ఇక్కడే. పారిస్‌లో 1895లో మొదలైన లె కార్డాన్ బ్లూ, అమెరికాలోని కలినరీ ఇన్‌స్టిట్యూట్, ఇవి గొప్ప బడులే, కాదనను. కానీ లెక్క చూడండి. సాఫ్ట్‌వేర్ చదువుకు చేసిన అప్పును సాఫ్ట్‌వేర్ జీతం తీరుస్తుందన్న ఆశ కొంతైనా ఉంది. వంటగదిలో అక్కడైనా మొదలయ్యేది కింది మెట్టు నుంచే. ఈఎంఐ మాత్రం పై మెట్టులో ఉంటుంది. షెఫ్ అయితే పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఖాయం అని కన్సల్టెన్సీ వాళ్ళు చెబితే నమ్మకండి. వృత్తుల జాబితాలను ఆ ప్రభుత్వాలు ఎప్పుడంటే అప్పుడు మారుస్తాయి, పైగా చాలా కన్సల్టెన్సీలకు కాలేజీలే కమీషన్ ఇస్తాయి. పొలం అమ్మి పంపుతామన్నవాళ్ళను నేను ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను.

ఇక్కడే చదివించండి. ఒక మంచి కిచెన్‌లో రెండు మూడేళ్ళు చేశాక గల్ఫ్ హోటళ్ళకో క్రూయిజ్ షిప్‌కో వెళ్ళొచ్చు. షిప్‌లో కాంట్రాక్టు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. తిండి, బస వాళ్ళవే కాబట్టి డబ్బు మిగులుతుంది. సముద్రంలో భద్రత గురించిన ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ ముందే చేసి ఉండాలి. అప్పుడు వాడి సొంత డబ్బుతో పేస్ట్రీలోనో ఇంకోదాంట్లోనో పై కోర్సు చేస్తానంటే సంతోషంగా పంపండి.

హోటల్ ఒక్కటే దారి అని కూడా భయపడొద్దు. విమానాలకు భోజనాలు పంపే ఫ్లైట్ కిచెన్లున్నాయి. వేలమందికి వండిపెట్టే ఐటీ కంపెనీల క్యాంటీన్లున్నాయి. రెడీ మిక్స్‌లు, సాస్‌లు తయారుచేసే కంపెనీలకు రుచి తెలిసినవాళ్ళు కావాలి. అలసిపోయాక టీచింగ్‌కు మారినవాళ్ళూ ఉన్నారు. డిగ్రీ చేతికి రాగానే సొంత రెస్టారెంట్ పెడతానంటే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి, ఐదేళ్ళు ఎవరి దగ్గరైనా పని చేశాకే ఆ మాట.

ఫీజు కట్టేముందు వాణ్ణి నెల రోజులు తెలిసిన క్యాటరర్ దగ్గర పనికి పెట్టండి. వంట చేయడానికి కాదు, గిన్నెలు తోమడం నుంచి. రాత్రి ఇంటికొచ్చి కాళ్ళ నొప్పులంటాడు, అది పట్టించుకోవద్దు. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఏం చేశారో అడక్కుండానే చెబుతున్నాడా, పొద్దున్నే ఎవరూ లేపకుండా వెళ్తున్నాడా, అది చూడండి. వారానికే మానేస్తే ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కడికీ పోవు. నెల నిలబడితే బంధువులకు ఏం చెప్పాలో వాడే చెబుతాడు, మీరు కంగారు పడకండి.

అన్నట్టు, పంపేటప్పుడు స్నీకర్లు వద్దు, జారని బూట్లు కొనివ్వండి. కిచెన్ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.