బరువు చెప్పే ముందు

అమ్మాయీ,

అంగన్‌వాడీ టీచర్‌గా ఆర్డర్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. రిజిస్టర్లు, వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ సంగతి సూపర్‌వైజర్ చూపిస్తుంది. ఇళ్లవాళ్లతో ఎలా మాట్లాడాలో మాత్రం నన్ను అడుగు.

బరువులు తూచే రోజు ఊళ్లో సగం మంది తల్లులు అక్కడే ఉంటారు. బరువు బాగా తక్కువున్న బిడ్డ సంగతి అక్కడ పైకి అనకు. తోటికోడలి ముందు ఆ మాట పడ్డ తల్లి మరుసటి నెల తూకానికే రాదు. సాయంత్రం ఆమె కూలి నుంచి వచ్చాక ఇంటికి వెళ్లు. బిడ్డ బరువు గుర్తుపెట్టే కార్డులో పోయిన నెల చుక్క, ఈ నెల చుక్క చూపించు. "మధ్యలో జ్వరం, విరేచనాలు ఏమైనా అయ్యాయా?" అని మొదలుపెడితే నోరు విప్పుతుంది. "సరిగా పెట్టట్లేదా?" అన్నావో, అంతే సంగతులు. అయితే మొహమాటానికీ హద్దుంది. జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఆ రోజే ఏఎన్‌ఎంకి, అంటే ఊరి నర్సమ్మకి చెప్పాలి, ఇంటివాళ్లకూ దాచకుండా చెప్పాలి.

మూడేళ్లలోపు పిల్లలకు మనం ఇచ్చే బాలామృతం పిండి పెడుతున్నారా అని అడక్కు. పెడుతున్నామనే అంటారు. ఎలా కలుపుతున్నారు, ఇంట్లో ఇంకెవరికి ఇష్టం అని అడుగు. రెండున్నర కిలోల ప్యాకెట్టు రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులు రావాలి. వారానికే అయిపోయిందంటే ఇంటిల్లిపాదీ తింటున్నట్టే. దానికి తిట్టకు. అక్క చూస్తూ ఉండగా తమ్ముడొక్కడికే పెట్టడం ఏ తల్లికైనా కష్టం. ఆ అక్కకు మూడేళ్లు దాటితే సెంటర్‌కు పంపమను, భోజనం, గుడ్డు అక్కడే తింటుంది.

గుడ్డు వేడి చేస్తుందని మాన్పించేది చాలా ఇళ్లలో నాయనమ్మే. ఆవిడ లేనప్పుడు కోడలికి చెబితే నువ్వు వెళ్లాక గొడవ. ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని, ముందు ఆవిడ తన పిల్లల్ని ఎలా పెంచిందో చెప్పనివ్వు. అరగంట పోతుంది, పోనీ.

ఏబీసీడీలు రాయించట్లేదని, ప్రైవేటుకు మారుస్తామని తండ్రులు అంటారు. వాదించకుండా ఓ పూట వచ్చి చూడమను. పూసలు గుచ్చే వేళ్లే రేపు పెన్సిల్ పట్టేదని అప్పుడు చెబితే ఎక్కుతుంది. అందరూ ఆగరులే.

వాట్సాప్ గ్రూపులో పాటలు, ఆటల ఫొటోలు పెట్టు. ఒక్క బిడ్డ గురించిన మాట మాత్రం అందులో వద్దు. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి ఆయాతో కబురు పంపు. సెంటర్‌లో ఇచ్చే రేషన్‌కు మొహం ఫొటో కోసం తల్లే రావాల్సి ఉంటే ముందురోజే చెప్పు, ఆమె కూలికి వెళ్లేలోపు పని ముగించి పంపెయ్.

మీ పెద్దమ్మ