పంటి దగ్గర ఎత్తుకో

అమ్మాయీ, ఆశీస్సులు.

డైనోసార్ల కాలంనాటి క్షీరదాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "డైనోసార్ల కాళ్ల కింద బిక్కుబిక్కుమంటూ బతికిన చిట్టెలుకలు" అని ఎత్తుకున్నావు. చదవడానికి బాగుంది, కానీ అవి ఎలుకలు కావు. అన్నీ బిక్కుబిక్కుమంటూ బతకనూ లేదు. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన రెపెనోమామస్ అనే క్షీరదం పొట్ట ఉండే చోట పిల్ల డైనోసార్ ఎముకలు కనబడ్డాయని 2005లోనే ప్రకటించారు.

ఎలుక తప్పు నేనూ చేశాలే. ఆ కాలపు చిన్న క్షీరదం డెక్కనోలెస్టిస్‌ని "మన వికారాబాద్ ఎలుక" అని రాస్తే, ఒక జియాలజీ మాస్టారు కార్డు ముక్క రాశారు: "అయ్యా, ఎలుక పళ్లు ఎప్పుడైనా చూశారా?" రెండ్రోజులు అన్నం సహించలేదు.

వికారాబాద్ దగ్గర నస్కల్ ఉంది కదా. దక్కన్ లావా ఒకసారి పారి, మళ్లీ పారేలోపు అక్కడ నీళ్లు నిలిచాయి. ఆ అడుగు మట్టిలో దొరికిన డెక్కనోలెస్టిస్‌ని 1988లో శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని లోకానికి చూపించారు. క్రెటేషియస్ అంటే డైనోసార్ల చివరి కాలం; మన దేశంలో బయటపడ్డ మొదటి క్రెటేషియస్ క్షీరదం అది. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. దొరికిందేమిటి? ఆవగింజంత పళ్లు!

మట్టిని నానబెట్టి, సన్న జల్లెళ్లలో కడిగి, మిగిలిన నలుసుల్ని ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరడానికి ఇది తిరగేసిన పని. ఇక్కడ అన్నీ రాళ్లే, గింజ కోసం వెతకాలి. పంటి మీది పింగాణీ ఒంట్లో అన్నిటికన్నా గట్టిది కాబట్టి ఎముక పోయినా అది మిగిలింది. పై పన్ను మీద గుట్టలా లేచిన మొన కింది పన్ను గుంటలో రోట్లో రోకలిలా దిగుతుంది. ఆ గుట్టల పదును చూసే ఇది పురుగుల్ని తినేదన్నారు. తర్వాత దొరికిన చీలమండ ఎముకల్ని బట్టి చెట్లెక్కేదని కూడా అన్నారు. ఇదంతా నీ వ్యాసంలో ఒక్క వాక్యం. "గోధుమరంగు బొచ్చు" మాత్రం మూడు చోట్ల! బొచ్చు రంగు నీకెవరు చెప్పారు? కొట్టెయ్.

ఇంకోటి. లెస్టిస్ అంటే గ్రీకులో దొంగ. దక్కన్ దొంగ! ఇంత మంచి పేరు చేతిలో పెట్టుకుని "ప్రాచీన క్షీరదము" అంటావేమిటి?

అంతకన్నా పాతదైన జురాసిక్ కాలం కావాలంటే ప్రాణహిత నది పక్కన కోటా అనే రాతి పొరలున్నాయి. బారాపాసారస్ లాంటి కొండంత డైనోసార్ దొరికిన ఆ కోటా రాళ్లలోనే కోటాథీరియం అనే చిన్న క్షీరదం పన్ను కూడా దొరికింది. ఆ పెద్దదాని గురించి రాసేవాళ్లు బోలెడుమంది.

రెండో ప్రతి పంపేటప్పుడు డెక్కనోలెస్టిస్ పన్ను బొమ్మ నీ చేత్తో గీసి పెట్టు. గీతలు వంకరపోయినా పర్లేదు, గుట్టల లెక్క తప్పకూడదు.