పాఠకుల ప్రశ్నలు: ఫార్వర్డ్‌ల ఆట

ప్రశ్న: రగ్బీ లీగ్‌లో ఫార్వర్డ్‌ల పేర్లు స్కోరు పట్టికలో అరుదుగా కనిపిస్తాయి. అయినా జట్లు వారికి అంత విలువ ఎందుకిస్తాయి? వారు ఎంతకాలం ఆడగలరు?

జవాబు: రగ్బీలో ఒక రకమైన ఈ ఆటలో, 13 మంది జట్టులో ఆరుగురు ఫార్వర్డ్‌లు, అంటే ముందు నిలిచి ప్రత్యర్థులను నేరుగా ఢీకొనే దృఢమైన ఆటగాళ్లు, ఉంటారు. వారిలో 8, 10 సంఖ్యల చొక్కాలు వేసుకునే ప్రాప్‌ల పనే అన్నిటికన్నా కష్టమని నా అభిప్రాయం. ఒక్క పరుగును దగ్గరగా గమనించండి. సొంత గోల్ గీత వద్ద బంతి అందుకున్న ప్రాప్, ఎదురుగా ముగ్గురు కాచుకుని ఉన్నారని తెలిసే వారి మీదికి దూసుకెళ్లి, వారు పడగొట్టేలోపు ఎనిమిది పది మీటర్లు సంపాదించి, వెంటనే లేచి బంతిని నేలపై ఉంచి పాదంతో వెనక్కి నెడతాడు. ఆరో టాకిల్‌తో, అంటే బంతి ఉన్న జట్టు ఆటగాణ్ణి ఆరోసారి పడగొట్టడంతో, బంతి ప్రత్యర్థుల వశమవుతుంది కనుక ఈ మీటర్లే దాడికి పునాది. ఆ తర్వాత రక్షణలో, ప్రతి టాకిల్‌కూ 10 మీటర్లు వెనక్కి తగ్గి మళ్లీ ముందుకు ఉరకాలి. 80 నిమిషాల ఆటలో చాలామంది ప్రాప్‌లను మధ్యలో విశ్రాంతికి పిలిచేది ఇందుకే.

వృత్తి నిడివి దెబ్బలను బట్టి మారుతుంది. భుజం, మోకాలు మాట అటుంచి, తలకు తగిలే దెబ్బలు నిజంగా ఆందోళనకరమైనవి. అయినా ఫిజీలో పుట్టి ఆస్ట్రేలియాకు ఆడిన ప్రాప్ పెటెరో సివొనిసెవా ఆస్ట్రేలియాలోని అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో 300కు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఇద్దరు ప్రాప్‌ల మధ్య నిలిచే హుకర్ స్థానంలో ఆడిన కామెరాన్ స్మిత్ 2002 నుంచి 2020 వరకు మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు తరఫున 430 మ్యాచ్‌లు ఆడాడు. హుకర్ కూడా ఫార్వర్డే.